మొలక శాతం

మా బాపుకు అక్షరాలు రావు, అంకెలు వస్తాయి. విత్తనాల సంచి చేతికిస్తే ముందు వెనక్కి తిప్పుతాడు. మొలక శాతం ఎంతో చూసుకున్నాకే ధర అడుగుతాడు. నేను హన్మకొండ నుంచి తెచ్చిన రంగుల కాగితాన్ని కూడా అలాగే తిప్పాడు.

"వెనక ఏం లేదేంది బిడ్డా?"

"అది కోర్సు కాగితం బాపూ. విత్తనాల సంచి కాదు."

"మరి ముంగట నూటికి నూరని రాసిండ్రు?"

నిజమే. 'వెబ్ డిజైన్ - 100% ఉద్యోగం' అని ఉంది, అంకెలు మరీ పెద్దగా.

"నూటికి నూరు మొలిచే గింజను నేను పుట్టి చూడలే," అని బాపు ఆ కాగితాన్ని మడిచి చూరులో దోపాడు. పోయిన యాసంగి పంటకు మెరిసే సంచిని చూసి మోసపోయి మొక్కజొన్న వేశాడు. సగం చేను బోసిగా మిగిలింది. అప్పటి నుంచి మెరిసేదేదైనా ఆయనకు అనుమానమే.

అది తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న కాలం. బస్సులు లేవు, బడులు లేవు. నేను మానుకోటలో డిగ్రీ పూర్తి చేసి ఇంట్లో ఉన్నాను. బయ్యారం దగ్గరి మా తండాలో, మా ఇంట్లో, అంతవరకు చదివిన మొదటిదాన్ని నేనే. ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు ఉద్యోగం నా కోసం ఎదురుచూస్తోంది. నాకు మాత్రం కాలేజీ ల్యాబులో మొదటిసారి వెబ్‌సైటు చూసినప్పటి నుంచి అలాంటివి తయారు చేయాలని ఉంది. బాపు కాదనలేదు. "ఆరు నెలలు ఇస్తున్న. ఒక్క కోర్సు. అది పనికి రాకపోతె బడికి పోవాలె," అన్నాడు. కాబట్టి ఆ ఒక్కటి సరిగ్గా ఎంచుకోవాలి.

మర్నాడు ఇద్దరం రైలెక్కి హన్మకొండలో ఆ కోర్సు చెప్పే చోటికి వెళ్లాం. అద్దాల తలుపు, లోపల చల్లటి గాలి. కౌంటర్లో కూర్చున్న అమ్మాయితో బాపు నేరుగా విషయానికొచ్చాడు.

"మూడు రోజులు మా బిడ్డను కూసోబెట్టుకోండ్రి అమ్మా. మొలకొస్తె చేర్పిస్త."

ఆ అమ్మాయి నవ్వాపుకుంది. "అరగంట డెమో ఉంటుందండీ, అంతే."

"అరగంటల గింజ తడువను గూడ తడువది," అన్నాడు బాపు. అయినా కూర్చున్నాం. తెర మీద జలపాతం దూకుతూ కనిపించింది, దాని పక్కన అక్షరాలు ఎగురుతూ వచ్చి ఆగాయి. నేను నోరు తెరుచుకుని చూశాను. బాపు చల్లగాలికి కునుకు తీశాడు.

బయటికి వచ్చేటప్పుడు గోడ మీద ఉద్యోగాలు వచ్చినవాళ్ల ఫోటోలు కనిపించాయి. బాపు ఒక ఫోటో ముందు ఆగిపోయాడు.

"గీడు మన లింగ్యా కాదె?"

లింగ్యానే. కోటు, టై. కింద 'హైదరాబాదులో వెబ్ డిజైనర్' అని రాసి ఉంది. మా పక్క తండా లింగ్యా మానుకోట స్టేషన్ ఎదురుగా జిరాక్స్ షాపు నడుపుతాడు. ఆ రోజు పొద్దున కూడా మాకు నమస్తే పెట్టాడు.

సాయంత్రం రైలు దిగగానే నేరుగా షాపుకు వెళ్లి అడిగాం. లింగ్యా పగలబడి నవ్వాడు.

"ఆ కోటు వాళ్లదే అక్కా! వేసుకో, ఫోటో దిగు అన్నరు, దిగిన. మెడ కాడ జర బిర్రుగ ఉండె."

"మరి కోర్సు?"

"మూడు నెలలు నీళ్లు దుంకే బొమ్మ పెట్టుడే నేర్పిన్రు. మానుకోటల నీళ్లు దుంకే బొమ్మ ఎవలికి కావాలె, నువ్వే చెప్పు?"

ఆ జలపాతం నాకు నిజంగానే నచ్చింది. అదే బాధ.

ఇక మిగిలింది మా కాలేజీ అరుంధతి మేడం రాసిచ్చిన చీటీ. అందులో జనగామ సోమనర్సయ్య సార్ పేరు, ఫోన్ నెంబరు ఉన్నాయి. ఆయన ఒకప్పుడు బోర్డులు రాసే పెయింటర్. ఫ్లెక్సీలు వచ్చి కుంచె పని పోయాక కంప్యూటర్ నేర్చుకుని, రైసు మిల్లులకు, దవాఖానలకు వెబ్‌సైట్లు చేస్తూ, పిల్లలకు ఆ పని నేర్పుతున్నాడు. ఫోన్ చేసి భయపడుతూనే బాపు షరతు చెప్పాను. అవతల పెద్ద నవ్వు.

"రా బిడ్డా, మూడు రోజులు కూసో. మొలిచినా, కుళ్లినా మొకం మీద చెప్పి పోవాలె."

ఆ సాయంత్రమే బాపు యాసంగి మొక్కజొన్న గింజలు వంద లెక్కపెట్టి తడిగుడ్డలో చుట్టాడు. "నీది ఆడ, నాది ఈడ. ఏది ముందు మొలుస్తదో చూద్దాం," అన్నాడు.

మొదటి రోజు నేను రైల్లో వెళ్లేసరికి జనగామలో కరెంటు లేదు. ఎరువుల దుకాణం మీది గదిలో ఆరు కంప్యూటర్లు నల్లగా కూర్చున్నాయి. భూపాలపల్లిలో బొగ్గుబావి పని చేసే మా దేవ్యా బావ అప్పుడే ఫోన్ చేశాడు.

"మరదలా, సమ్మెల మేము బొగ్గు ఆపినం. నీ కంప్యూటర్ ఆగిందా?"

"ఆగింది బావా. నా బతుకు గూడ ఆగేటట్టున్నది."

"తెలంగాణ రానీ, మీ సార్‌కు లారెడు బొగ్గు పంపుత!"

సార్ మాత్రం కరెంటు కోసం చూడలేదు. నేర్చుకోవడానికి వచ్చిన మమ్మల్నందరినీ కిందికి తీసుకెళ్లి రోడ్డు మీద నిలబెట్టి, "ఏ బోర్డు మీద కన్ను ముందు పడ్డది? ఎందుకు పడ్డది? రాయండ్రి," అన్నాడు. రెండో రోజు కూడా కరెంటు లేదు. నల్లబల్ల మీద కోడ్ రాయించాడు. ప్రతి గుర్తునూ తెరిచాక మూయాలట. నేను మూయడం మరిచిపోతే, "తెరిచిన కంచె మూయకపోతె బర్లన్ని చేన్ల పడ్తయి బిడ్డా," అన్నాడు. ఆ మాట తర్వాత మళ్లీ మరిచిపోలేదు. మా చేలో బర్రెలు పడ్డ రోజు నాకు గుర్తుంది.

తర్వాత ఎవరికి నచ్చిన దుకాణానికి వాళ్లు కాగితం మీద పేజీ గీయాలన్నాడు. నేను లింగ్యా జిరాక్స్ గీశాను. జలపాతం పెట్టలేదు. పైన పేరు, కింద ఏమేం పనులు చేస్తాడో, అన్నిటికంటే పెద్దగా ఫోన్ నెంబరు.

మూడో రోజు మధ్యాహ్నం సద్ది విప్పితే రొట్టెలు లేవు. తడిగుడ్డ, అందులో తెల్లటి మొలకలు! ఇంట్లో గోడ కొయ్యకు రెండు నల్ల కవర్లు వేలాడుతుంటే పొద్దున్నే తొందరలో బాపుది పట్టుకొచ్చాను. గదంతా ఒకటే నవ్వు. సార్ చాప మీద పరిచి స్వయంగా లెక్కపెట్టాడు. తొంభై రెండు.

"రొట్టెలు మొలిచినయా? ఇగ దా, తిందాం," అని అందరినీ కిందికి తోలాడు. రోడ్డు మీద ఉద్యమకారుల వంటా వార్పు నడుస్తోంది. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వచ్చినవాళ్లందరికీ వండి పెడుతున్నారు. ఒక పెద్దమ్మ నా విస్తట్లో పప్పన్నం కుమ్మరించి, "ఎవలి బిడ్డవు? మంచిగ తిను. రాష్ట్రం వచ్చినంక నీకే పని ఎక్కువ," అంది. అంత రుచిగా నేనెప్పుడూ తినలేదు.

తిని పైకి వస్తుంటే మెట్ల మీద బాపు. చేతిలో నా రొట్టెల కవరు, ముఖమంతా చెమట.

"పారేసినవా?"

"లేదు బాపూ. తొంభై రెండు. సార్ లెక్కపెట్టిండు."

బాపు ఊపిరి పీల్చుకుని మళ్లీ తానే లెక్కపెట్టుకున్నాడు. తొంభై రెండే. సార్ వైపు కొంచెం గౌరవంగా చూశాడు. "మరి ఈ పిల్ల?"

సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చింది. అందరం అరుస్తూ కుర్చీల మీద పడ్డాం. నా కాగితం చూసుకుంటూ కోడ్ కొట్టాను. ఒకచోట కంచె మూయలేదు, వెతికి మూశాను. పేజీ తెర మీదికి వచ్చింది. జిగేలుమనేదేమీ లేదు, గీసింది గీసినట్టే ఉంది.

బాపు తెరకు దగ్గరగా వంగాడు. పైనున్న పేరు ఆయన చదవలేడు. కింది అంకెల మీద ఆగాడు. జేబులోంచి బటన్ల ఫోన్ తీసి, ఒక్కో అంకె చూస్తూ నొక్కాడు. ఫోన్లోంచి గొంతు అందరికీ వినిపించింది.

"లింగ్యా జిరాక్స్! చెప్పండ్రి!"

బాపు ముఖం చూడాలి. ఫోన్‌ను రెండు చేతులా పట్టుకుని, జనగామంతా వినేట్టు అరిచాడు.

"లింగ్యా! కోటు లేకుండనే నువ్వు ఈడ మంచిగున్నవ్ రా!"

తర్వాత తడిగుడ్డ జాగ్రత్తగా మడిచి చంకలో పెట్టుకుని, సార్‌ను అడిగాడు.

"సోమవారం పొద్దున ఎన్ని గంటలకు పంపాలె?"