సింహం కూర్చున్న స్టూలు

సర్కసు మూతపడ్డాక యజమాని డేరా అమ్ముకున్నాడు గానీ ముసలి సింహానికి మాంసం కొనలేదు. అది పస్తులతోనే చచ్చింది. దాన్ని ఆడించిన ఘనీ దాని ఇనుప స్టూలు ఇంటికి తెచ్చుకున్నాడు.

ఘనీ, అతని భార్య రహీమా సింహం ఆడిన స్టూలెక్కే ఆటనే తమ మేకకు నేర్పారు. ఇంట్లో చెక్కపెట్టె మీద నేర్పారు. ఎల్లారెడ్డి ఊళ్లో బడి స్టేజీ మీద మాత్రం, సర్కసులా కనబడాలని, ఆ స్టూలే వేశారు. ఆటలు మాట్లాడుకోవడానికి కామారెడ్డి నుంచి వచ్చిన మనిషికి నచ్చితే అక్కడ నెలరోజుల పని. లేదంటే ఘనీ మట్టి మోయాలి.

మేక స్టూలు వాసన చూసి వణికింది. ఎంత లాగినా ఎక్కలేదు.

"మూడుసార్లు కడిగిన గద!" అన్నాడు ఘనీ.

"కడిగితే పోతదా? సింహం ఇంకా దాని మీదనే కూసున్నది," అంది రహీమా.

"మేకను మా ఇంట్ల చూస్తలేమా? సింహమేదిరా?" ముందు వరసలోంచి ఎవడో అరిచాడు.

ఘనీ కొరడా రహీమా చేతికిచ్చి, తానే నాలుగు కాళ్ల మీద స్టూలెక్కి నోరు తెరిచాడు. సింహం చివరి రోజుల్లో ఆకలితో మూలిగిన మూలుగే వచ్చింది. నవ్వుతున్న పిల్లలు ఆగిపోయారు. పెద్దలు చప్పట్లు కొట్టారు.

కామారెడ్డి మనిషి స్టేజీ ఎక్కాడు. "మేక వద్దు. రోజుకు మూడాటలు గిదే చెయ్యాలె. చేస్తవా?"

చేస్తనని చెప్పబోయాడు ఘనీ. మాట రాలేదు. ఆ మూలుగే వచ్చింది.