రెండో నట్టు

ఎసరు కాగేలోపు ప్లగ్గు తుడిచేయొచ్చు అనుకుంది సువార్త. పొయ్యి మీద గిన్నె పెట్టి, బియ్యం కడిగి పక్కనుంచి, పెరట్లో నిలబెట్టిన స్కూటరు దగ్గరికి వచ్చింది. ఆమె భర్త ఎజ్రా అప్పటికే స్నానం చేసి వరండాలో పేపరు చదువుకుంటున్నాడు. పొద్దున్న లేవగానే, "బండి స్టార్టవట్లేదు, ఆఫీసు టైముకి చూడు," అన్నాడు, కాఫీ పెట్టు అన్నంత మామూలుగా. ఆమె చీర చెంగు నడుంలో దోపుకుని ప్లగ్గు విప్పింది. దానికి పట్టిన మసిని పాత బ్రష్షుతో తోమి, గరుకు కాగితంతో రుద్ది, ఊది, మళ్ళీ బిగించి కిక్కు కొట్టింది. ఇంజను అందుకుంది. అదే క్షణంలో వంటింట్లో ఎసరు పొంగింది. "అమ్మాయ్, పొయ్యారిపోయింది! ఎక్కడున్నావ్?" అని అత్తగారు జ్ఞానమ్మ కేక. సువార్త లోపలికి పరుగెత్తింది. స్కూటరు బాగైన సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎసరు పొంగిన సంగతి మాత్రం భోజనాల దాకా నడిచింది.

రామచంద్రపురంలో లూథరన్ చర్చి వెనక వీధిలో వాళ్ళ ఇల్లు. ఎజ్రా మండలాఫీసులో గుమాస్తా. సువార్త తండ్రి చిట్టియ్య ద్రాక్షారం దగ్గర చేలకి నీళ్ళు తోడే ఆయిలింజన్లు చూసుకునేవాడు. తల్లి చిన్నప్పుడే పోవడంతో ఆయన కూతుర్ని వెంటబెట్టుకునే తిరిగాడు. ఆయన ఇంజను విప్పుతుంటే ఆ పిల్ల ఒక్కో మరా అందుకుని గోనెపట్టా మీద వరసగా పేర్చేది. పెళ్ళినాటికి ఇంజను చప్పుడు విని జబ్బేంటో చెప్పగలిగేది. పెళ్ళిచూపుల్లో మాత్రం, "వంటొచ్చు, కుట్టుపనొచ్చు, చర్చిలో పాడుతుంది," అని చెప్పమన్నారు. చిట్టియ్య అంతే చెప్పాడు.

కాపురానికొచ్చిన కొత్తలో ఇస్త్రీపెట్టె కాలిపోతే సువార్త దాని లోపలి తీగ మార్చి, వేడెక్కిన పెట్టెను భర్త చొక్కా మీద నడిపి చూపించింది. ఎజ్రా నిజంగానే సంబరపడ్డాడు. "అబ్బో, మా ఇంట్లోకి మెకానిక్కే వచ్చాడే!" అని నవ్వాడు. ఆ నవ్వు ఆమెకి చాలాకాలం గుర్తుంది. తర్వాత ఫ్యాను, మిక్సీ, నీళ్ళ మోటారు, కొన్న మర్నాటి నుంచీ ముక్కుతూ మూలిగే ఈ పాత స్కూటరు. పక్కింటివాళ్ళు, "ఎవరు చేశారండీ?" అని అడిగిన రోజున ఎజ్రా ఒక్క క్షణం ఆగి, "నేనేనండి. చిన్నప్పట్నుంచీ సరదా," అన్నాడు. లోపలికొచ్చి, "పైకి చెప్పకు. పెళ్ళాం చేత మరలు విప్పిస్తున్నాడని నవ్వుతారు," అన్నాడు. ఆమెకి అదో పెద్ద విషయంగా తోచలేదు. మన ఇంటి సంగతే కదా అనుకుంది. అప్పట్నుంచి పనంతా పెరట్లో జరిగేది. వీధిలోంచి ఎవరైనా పిలిస్తే ఎజ్రా పెరట్లోకి వచ్చి, గ్రీజు డబ్బాలో రెండు వేళ్ళు ముంచి, అరచేతులకి పామి, "ఇదిగో, అయిపోవచ్చిందండి," అంటూ బయటికి వెళ్ళేవాడు. ఆ చేతులు కడుక్కోవడానికి కిరసనాయిలు సువార్తే అందించేది. తర్వాత తన చేతులు కడుక్కుని అన్నం కలుపుతుంటే, "కిరసనాయిలు కంపు. ఆడదాని చెయ్యేనా అది?" అనేది జ్ఞానమ్మ, కోడలు బాగుచేసిన ఫ్యాను కింద కూర్చుని.

తొంభై ఆరు తుపానుకి స్తంభాలు పడిపోయి కరెంటు లేదు. వీధి మొత్తానికి దిక్కైన బోరింగు పంపు కూడా చెడిపోయింది. ఎజ్రా దాని కడ్డీ పైకి లాగి ఇంటికి తెచ్చాడు. సువార్త చనిపోయిన మామగారి పాత చెప్పు తోలు కోసి వాషరు చేసి, కొబ్బరినూనెలో నానబెట్టి బిగించి ఇచ్చింది. ఎజ్రా దాన్ని మోసుకెళ్ళి దించాడు. నీళ్ళు పడ్డాయి. ఆ ఆదివారం పాస్టరుగారు, "మన ఎజ్రాగారి చేతుల్ని ప్రభువు దీవించును గాక," అని ప్రార్థన చేశారు. ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చున్న సువార్త తన చేతుల్ని పైట కింద పెట్టుకుని ఆమేన్ అంది. పొగడ్త ఆయన తీసుకున్నందుకు కాదు ఆమె బాధ. ఇంటికొచ్చాక తలుపులేసుకున్న తర్వాతైనా, ఇద్దరే ఉన్నప్పుడైనా, ఒక్క మాట అంటాడేమో అని చూసింది. ఆయన కోడికూరలో ఉప్పు తగ్గిందన్నాడు. కొన్నాళ్ళకి ఆ పనులన్నీ తానే చేశానని ఎజ్రా నిజంగానే నమ్ముతున్నాడేమోనని ఆమెకి అనుమానం వచ్చింది. ఆయన చెప్పగా చెప్పగా తనకీ అలాగే అనిపిస్తుందేమోనని భయం కూడా వేసింది.

మరుసటి ఏడు వానల్లో సువార్తకి మలేరియా పట్టుకుంది. మూడు దుప్పట్ల కింద వణుకుతూ పడుకుని ఉండగా వీధిలో మోపెడ్ ఆగిన చప్పుడైంది. ఆ బండి నర్సు పాపాయిది. ఊరూరా తిరిగి పసిపిల్లలకి టీకాలూ, బాలింతలకి మందులూ ఇచ్చే మనిషి ఆవిడ.

"ఎజ్రాగారూ, వెనక బ్రేకు పట్టట్లేదండి. ముందుది ఎటూ అంతంతమాత్రమే. రేపు కోటిపల్లి వైపు ఊళ్ళన్నిటికీ టీకాలు. కాస్త చూడండి."

"దానికేం భాగ్యమండీ, కూర్చోండి," అని ఎజ్రా గదిలోకి వచ్చాడు. గొంతు తగ్గించి, "బ్రేకు వైరు బిగించడమేగా?" అన్నాడు.

"బండి ఉంచి వెళ్ళమనండి. పొద్దున్నకి వణుకు తగ్గుతుంది, నేను చూస్తాను."

"రేపు రమ్మంటే ఏమనుకుంటుంది? నాకు చేతకాదనుకోదూ?"

"అయితే వినండి. వైరు చివర నట్టు బిగించాక, దాని వెనకాల ఇంకో నట్టుంటుంది. అది కూడా బిగించాలి. లేకపోతే కుదుపులకి మొదటిది..."

"నాకు తెలుసులే, పడుకో."

ఆమె పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. పెరట్లో స్పానరు తిరుగుతున్న చప్పుడు వింది. కాసేపే తిరిగింది. లేవబోతే గది గిర్రున తిరిగింది. "అయిపోయిందండీ నర్సమ్మగారూ," అని ఎజ్రా అంటుండగా ఆమెకి మగత కమ్మింది.

మర్నాడు మధ్యాహ్నం కాలవ వంతెన దిగుతుంటే బ్రేకు అందలేదు. మోపెడ్ వెళ్ళి పిట్టగోడకి కొట్టుకుంది. పాపాయి కుడికాలు విరిగింది.

కబురు తెలిసి ముగ్గురూ ఆస్పత్రికి వెళ్ళారు. అప్పుడప్పుడే జ్వరం దిగిన సువార్త గోడ పట్టుకుని నిలబడింది. పాపాయి తమ్ముడు భీమరాజు వరండాలోనే ఎజ్రాని నిలేశాడు.

"బాగుచేశానని చెప్పారంటగా! ఏం బాగుచేశారండీ? మనిషి కాలు విరిగి పడుంటే?"

చుట్టూ జనం చేరారు. ఎజ్రా అటూ ఇటూ చూశాడు. ఆ చూపు తిరిగి తిరిగి సువార్త మీద ఆగింది.

"నేను కాదండి," అన్నాడు. "మా ఆవిడ. ప్రతిదాంట్లో వేలు పెడుతుంది. జ్వరంలో కూడా వద్దంటే వినకుండా విప్పింది."

ఇన్నేళ్ళలో ఎజ్రా నలుగురిలో తన భార్య చేసిందని చెప్పడం అదే మొదటిసారి.

"ఆడాళ్ళకెందుకండీ ఈ పనులు!" అని ఎవరో అన్నారు. తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. సువార్త నోరు తెరిచింది. మాట రాలేదు. జ్వరం వల్ల కాదు. ఇన్నాళ్ళూ మూసి ఉంచడం అలవాటైన నోరు అది.

ఇంటికొచ్చాక ఎజ్రా స్వయంగా పాలు కాచి తెచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. "కోపం తెచ్చుకోకు. నువ్వు ఆడదానివి. తెలీక చేసిందంటారు, నాలుగు మాటలని వదిలేస్తారు. నా సంగతలా కాదుగా. రేపు ఆఫీసులో, చర్చిలో తలెత్తుకోవాలా వద్దా?" అన్నాడు. గుమ్మంలోంచి జ్ఞానమ్మ, "వాడి పరువు నీది కాదా అమ్మాయ్?" అంది. సువార్త పాలు తాగింది. ఆయన ఏడుపు అబద్ధం కాదని ఆమెకి తెలుసు. నిజంగానే భయపడుతున్నాడు. కానీ ఆ భయంలో ఆస్పత్రి మంచం మీద ఉన్న పాపాయి ఎక్కడా లేదు. తను కూడా లేదు. కుదిరిన పనులన్నీ ఆయన చేతులవి, చెడిన పని తన చేతులది. ఈ పంపకం ఎప్పుడు జరిగింది? తను ఎప్పుడు ఒప్పుకుంది? ఆలోచిస్తే, పైకి చెప్పకు అన్న రోజున, మన ఇంటి సంగతే కదా అనుకున్న రోజునే ఒప్పుకుంది. పొగడ్త వదులుకోవడం సులువే, అన్నం పెట్టినంత సులువుగా వదులుకుంది. ఒక మనిషి కాలు విరిగిన నింద మాత్రం తన చేతులకి అంటించుకుని, రేపు మళ్ళీ అవే చేతులతో స్పానరు ఎలా పట్టుకుంటుంది?

వంట్లో ఓపిక చేరాక, ఒక ఉదయం ఇల్లు ఊడ్చి, వంట చేసి, ఎజ్రాకి కారియరు కట్టిచ్చి, "నర్సమ్మగారింటికి వెళ్తున్నానండీ," అంది.

"క్షమాపణ అడగడానికా? మంచిదే."

"కాదు. జరిగింది చెప్పడానికి."

ఎజ్రా చెప్పులు వేసుకోబోతూ ఆగాడు. "నన్ను వీధిలో నిలబెడతావా?"

"నేను చేసినవన్నీ మీరు చేశారన్నా ఊరుకున్నానండీ. నేను చెయ్యనిది చేశానంటే ఊరుకోలేను."

ఆయన ఇంకేదో అంటూనే ఉన్నాడు. ఆమె గేటు తీసుకుని బయటికి నడిచింది.

పాపాయి కాలికి కట్టుతో అరుగు మీద పడక్కుర్చీలో ఉంది. వంగిపోయిన మోపెడ్ వాకిట్లో గోడకి చేరేసి ఉంది. సువార్తని చూసి ఆవిడ మొహం తిప్పుకుంది. సువార్త అరుగు దిగువన నిలబడే అంతా చెప్పింది. జ్వరం, గదిలో జరిగిన మాటలు, రెండో నట్టు. వంగి వెనక చక్రం దగ్గర చూపించింది. బిగించకుండా వదిలేసిన ఆ నట్టు కొసకి వచ్చి వేళ్ళాడుతోంది. మొదటిదీ కుదుపులకి వదులైపోయింది.

"ఏమ్మా, ఇప్పుడు మొగుడి మీదకి తోసేస్తున్నావా?" అంది పాపాయి.

సువార్తకి ఆ మాట గుచ్చుకుంది. ఇక్కడా నమ్మరేమో అనుకుంది. అయినా కదల్లేదు.

"ఆ ఒక్కటీ నేను చెయ్యలేదండి. అంతకుముందు మీ బండికి చేసిన పనులన్నీ నేనే చేశాను. పోయిన వేసవిలో ప్లగ్గు కోసం ఇచ్చినప్పుడు చూస్తే చైను దగ్గర మీ చీర అంచు నలిగిన నూలుపోగులు కనబడ్డాయి. చీర చిక్కుకోకుండా చైను పక్కన పాలడబ్బా రేకు కోసి బిగించాను. మీరు అడగలేదు. అంచులు కోసుకుంటాయని మడిచి కూడా పెట్టాను."

పాపాయి మెడ చాచి ఆ రేకుముక్క వైపు చూసింది.

"ఎజ్రాగారికి అదెలా తోచిందా అనుకున్నాను అప్పుడు," అంది నెమ్మదిగా. "ఇది నాతో చెప్పావని తెలిస్తే ఇంట్లో ఊరుకుంటారా?"

"ఊరుకోరండి."

"మరి?"

"మా వీధిలో అడిగినవాళ్ళకి కూడా చెప్తాను. అడగనివాళ్ళకి అక్కర్లేదు."

కాలవ మీంచి తడిగాలి వచ్చింది. పాపాయి నొప్పికి మొహం చిట్లించి కాలు కాస్త జరుపుకుంది. "ఈ బండి లేకపోతే నా ఉద్యోగం సాగదు సువార్తా. దీన్నెవరు బాగుచేస్తారిప్పుడు?"

"నేనే చేస్తానండి. ఇక్కడే, మీ కళ్ళెదురుగా."

"చేస్తావు, సరే. మళ్ళీ దానిమీద ఏ ధైర్యంతో ఎక్కమంటావ్?"

"మీరు ఎక్కొద్దండి. ముందు నేనే ఎక్కి, ఆ వంతెన దిగి చూపిస్తాను."

"నీకు తొక్కడం వచ్చా?"

"రాదండి," అంది సువార్త. "మీ కాలు అతుక్కునేలోపు నేర్చుకుంటాను."