ఇంటిల్లిపాదినీ చంపేసిన పిడుగు

మా అక్క కూతురు నవల రాసింది. పేరుకి దయ్యాల నవలే గానీ, అందులో దయ్యాలకి కూడా ఊపిరాడదు, అన్ని హత్యలు. ఆ పిల్లని ఇంట్లో అందరం పిడుగు అంటాం. "పిన్నీ, నువ్వు బాగుందంటే పోటీకి పంపుతా. లేదంటే చించేసి, ఇంక జన్మలో పెన్ను ముట్టను," అని కాగితాల కట్ట నా ఒళ్లో పడేసి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

నేను ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దుతాను. కళ్లతో చదివితే తప్పులు జారిపోతాయని మాకు పైకి చదవడం అలవాటు, కామాలతో సహా. అలాగే మొదలుపెట్టాను.

"కత్తి దిగింది కామా నెత్తురు చిమ్మింది కామా తల దొర్లింది ఫుల్‌స్టాప్."

పిడుగు మొహం మాడ్చుకుంది. "అలా చదివితే ఎవరికి భయమేస్తుంది పిన్నీ?"

"ఎలా చదివినా వెయ్యదే తల్లీ. పాపం పోస్ట్‌మన్ ఏం చేశాడని నరికించావు? పైగా వీడు ఇందాకే ఒకసారి చచ్చాడు."

"దయ్యమై వచ్చాడు."

"మరి వాడి సైకిలు ఎలా వచ్చింది?"

"అదీ చచ్చింది."

నవ్వాపుకుంటూ పేజీ తిప్పాను గానీ, లోపల నాకు దిగులుగానే ఉంది. నవల బాగాలేదు. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు.

తర్వాతి పేజీలో ఎవరూ చావలేదు. ఒక అమ్మమ్మ దయ్యం వస్తుంది. చదువుకుంటున్న మనవరాలి పక్కన పాలు చల్లారిపోతున్నాయని గ్లాసు మీద మూత పెట్టబోతుంది. మూత చేతికి చిక్కదు.

"మళ్లీ ప్రయత్నించింది కామా..." అక్కడ చదవడం ఆపేశాను. మా అమ్మ పోయి ఇంకా ఏడాది కాలేదు. పిడుగు చదువుకుంటుంటే దాని పాల గ్లాసు మీద మూత పెట్టి వెళ్లేది అమ్మే.

పేజీ తిప్పాను. ఇంటిల్లిపాదీ హతం, ఆఖరికి మనవరాలి పిన్ని కూడా.

"ఇంత బాగా రాసి, వెంటనే అందరినీ నరికించావేమే?"

పిడుగు తల దించుకుంది. "ఎవరైనా మిగిలితే అమ్మమ్మ కోసం ఏడవాలి కదా పిన్నీ. అది రాయడం నావల్ల కాలేదు. చంపేయడమే తేలిక."

దాన్ని దగ్గరకు లాక్కున్నాను. ఏడుపు ఆగలేదు, ఇద్దరికీ.

కాసేపటికి ముక్కు తుడుచుకుని ఎర్ర పెన్ను తీశాను. "నవల బాగాలేదు, పోటీకి వద్దు. ఈ పేజీ మాత్రం చించావంటే నీ వీపు విమానం మోత మోగిపోద్ది. ఇక్కణ్నుంచి మళ్లీ రాయి. ఆ మనవరాలినైనా బతకనివ్వు."

"పిన్నిని కూడా ఉంచుతాలే," అంది పిడుగు. "మనవరాలు ఒక్కతే ఎలా ఏడుస్తుంది?"