ప్రసంగం కంటే ముందొచ్చిన స్పందన

చట్టసభ ఆవరణలో ఆయన్ని అందరూ ట్రైపాడ్ అనే పిలుస్తారు. కెమెరా భుజానికెత్తుకుని ఒకచోట నిలబడ్డాడంటే ఎంత తోపులాట జరిగినా అంగుళం కదలడని తోటి కెమెరామెన్లు పెట్టిన పేరు. మొదట్లో కోపమొచ్చేది గానీ, తర్వాత్తర్వాత అదొక బిరుదులా మోసుకు తిరగడం అలవాటైపోయింది.

ఆ బడ్జెట్ రోజున మాత్రం ఆయన కళ్లు కెమెరాలో కంటే పక్కకే ఎక్కువ తిరుగుతున్నాయి. మెట్ల ముందు కట్టిన తాడు దగ్గర, నలుగురు మనుషుల అవతల, ఆయన కూతురు మైక్ పట్టుకుని నిలబడి ఉంది. ఆయనది పేరున్న ఛానల్. ఆమెది నిన్నగాక మొన్న పుట్టిన బుల్లి ఛానల్; కెమెరామన్‌ని కూడా ఇవ్వరు, ఫోన్‌తోనే తీసి పంపుకోవాలి. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. "అక్కడ మనిద్దరం చుట్టాలం కాదు నాన్నా, నన్ను పలకరించకు" అని ఇంట్లోనే షరతు పెట్టి మరీ బయల్దేరింది. ఆయన సరేనన్నాడు. కానీ కాకి పిల్ల కాకికి ముద్దు. చూపులకు షరతు పెట్టడం ఎవరి తరం?

ఆ ఆవరణలో ఒక ఆచారం ఉంది. దాన్ని పొద్దుటి బైట్లంటారు. ప్రసంగం ముగిశాక నాయకులంతా ఒక్కసారే బయటికొస్తారు, అప్పుడు ఎవరి మైక్ ఎవరి నోట్లో ఉందో తెలియదు. అందుకని బడ్జెట్ మీద స్పందనని ప్రసంగానికి ముందే, తెల్లారగానే పచ్చికలో నిలబెట్టి చెప్పించుకుంటారు. అధికార పక్షం చరిత్రాత్మకం అంటుంది, ప్రతిపక్షం అంకెల గారడీ అంటుంది. ఛానళ్లు దాచిపెట్టుకుని, ప్రసంగం అయిన మరుక్షణం వేస్తాయి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! ఇన్నేళ్లలో ఎవరూ పట్టుబడలేదు. పట్టుబడాలంటే స్పందనకీ బడ్జెట్‌కీ ఏదో ఒక సంబంధం ఉండాలిగా.

ఆ పొద్దున ప్రతిపక్ష నాయకుడు, అందరూ పెద్దాయన అని పిలిచే తెల్లమీసాల మనిషి, కళ్లు తుడుచుకుంటూ చెప్పాడు. "పట్టణ ఆసుపత్రుల్లో డయాలసిస్ యంత్రాలు పెట్టండని మొత్తుకుని మొత్తుకుని నా నోరు పడిపోయింది. ఈ బడ్జెట్‌లోనూ దాని ఊసే లేదు!" ఆయన తమ్ముడు కిడ్నీ జబ్బుతో, డయాలసిస్ కోసం దూరపు ఆసుపత్రికి పోతూ దారిలోనే ప్రాణం వదిలాడని అక్కడ అందరికీ తెలుసు. ట్రైపాడ్ ఆ తడి కళ్లని చక్కగా ఫ్రేములో పట్టి ఆఫీసుకి పంపేశాడు.

లోపల ప్రసంగం మొదలైంది. బయట ఎవరూ వినడం లేదు. కొందరు టీ తాగుతున్నారు, కొందరు కునుకు తీస్తున్నారు. కూతురు మాత్రం గోడవారన కూర్చుని, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, పరీక్షకి చదువుతున్నట్టు మొహం ముడుచుకుని వింటోంది. ఉన్నట్టుండి లేచి, తన షరతు తనే మరిచి తండ్రి దగ్గరకొచ్చింది.

"నాన్నా, డయాలసిస్ ఇచ్చారు! ప్రతి పట్టణ ఆసుపత్రికీ!"

పొద్దున పంపిన బైట్ ఆపించాలని ట్రైపాడ్ ఫోన్ తీశాడు. ఆఫీసుకి ఫోన్ చేసేలోగానే ప్రసంగం ముగిసింది. ఛానళ్లన్నీ నలుగురితో పాటు నారాయణా అన్నాయి. ఎవరి ఫోన్‌లో చూసినా పెద్దాయనే, దాని ఊసే లేదంటూ. అధికార పక్షం ప్రతినిధి ఒకడు మెట్లమీదకొచ్చి పకపకా నవ్వాడు. "చెవుల్లో దూది పెట్టుకుని కూర్చున్నాడా ఏంటండీ ఆయన?"

ఒక్క బుల్లి ఛానల్లోనే ఆ బైట్ రాలేదు. అది కూతురి ఫోన్‌లోనే ఉంది. ఫోన్‌లో ఆమె ఆఫీసు డెస్క్ పెద్ద వేస్తున్న కేకలు ట్రైపాడ్ దాకా వినిపిస్తున్నాయి.

"అందరూ వేసేశారు, నీ బైట్ ఏదీ?"

"అది వెయ్యకూడదండీ. ప్రసంగం వినకముందు ఆయన అన్న మాట అది."

"ఎప్పుడైతేనేం, ఆయన నోటితోనే అన్నాడా లేదా? ఇప్పుడు పంపుతావా, రేపట్నుంచి ఇంట్లో కూర్చుంటావా?"

ఈ ఉద్యోగం కోసం ఆమె ఎన్ని గుమ్మాలెక్కి దిగిందో తండ్రికి తెలుసు. ఆగలేకపోయాడు. "పంపెయ్ అమ్మలూ. నీ ఒక్కదానివల్ల ఏం మారుతుంది?"

కూతురు ఆయన వైపు తిరిగింది. "ఫ్రేము వంకరగా ఉంటే నువ్వు పంపుతావా నాన్నా?"

ట్రైపాడ్ చూపు తిప్పుకుని కెమెరా సర్దుకున్నాడు. వంకర ఫ్రేము పంపనని ఆఫీసులో ఎందరితో గొడవపడ్డాడో రోజూ అన్నం తింటూ ఆ పిల్లకి గొప్పగా చెప్పుకున్నది తనే.

అంతలో పెద్దాయన బయటికొచ్చాడు. తన పరువు ఊరంతా ఎలా తిరుగుతోందో అప్పటికే తెలిసినట్టుంది, తల దించుకుని పక్కదారిన కారువైపు నడుస్తున్నాడు. విలేకరులు వెంటపడి అరిచారు. ఆయన ఆగలేదు. అప్పుడు కూతురు, డెస్క్ పెద్ద లైన్లో ఉండగానే ఫోన్‌ని వీడియోకి మార్చి, తాడు కింద నుంచి దూరి ముందుకెళ్లింది.

"సార్, పొద్దున మీరన్నది నేను వెయ్యలేదు. మీరప్పటికి ప్రసంగం వినలేదు కాబట్టి వెయ్యలేదు. ఇప్పుడు విన్నారుగా, ఇప్పుడు చెప్పండి."

పెద్దాయన ఆగాడు. వెనక్కి తిరిగి మైక్ దగ్గరకొచ్చాడు.

"వినకుండా తిట్టాను. తప్పు నాది, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఈ యంత్రాల కోసం ఎన్నేళ్లు ఎదురుచూశానో ఆ దేవుడికే తెలుసు. మా తమ్ముడికి అందలేదు, ఇంకొకరి తమ్ముడికైనా అందుతుంది. ఇచ్చినవాళ్లకి దండం పెడుతున్నా." నిజంగానే చట్టసభ వైపు తిరిగి దండం పెట్టాడు. తర్వాత మీసం తుడుచుకున్నాడు. "యంత్రాలిచ్చారు సరే, నడపడానికి మనుషులేరీ? రేపట్నుంచి దానిమీద తగులుకుంటా, వదుల్తాననుకోకండి!"

అందరూ నవ్వారు. మెట్లమీది ప్రతినిధి కూడా చేతులు జోడించాడు. కూతురి ఫోన్‌లోంచి డెస్క్ పెద్ద గొంతు మళ్లీ వినిపించింది. "కట్ చెయ్యకమ్మా, అలాగే పట్టుకో. లైవ్‌లో ఉన్నావు."

ట్రైపాడ్‌కి కన్ను చెమ్మగిల్లి వ్యూఫైండర్‌లో బొమ్మ మసకబారింది. ఛాతీ ఎంత పొంగిందంటే కెమెరా బరువే తెలియలేదు. బిడ్డ పుట్టిన రోజున కూడా ఆయన ఇంత మురిసిపోలేదు. మిగతా మైకులన్నీ వెనకబడ్డాయి. ఆయన ఫ్రేములో పెద్దాయన మొహం, దాని ముందు బుల్లి ఛానల్ మైక్, దాన్ని పట్టుకున్న చెయ్యి ఉన్నాయి.

చెవిలోని ఇయర్‌ఫోన్‌లో ఆయన ఆఫీసు అరిచింది. పోటీ ఛానల్ మైక్ తమ తెరమీద కనిపించకూడదన్నది అక్కడ మొదటి నియమం. "అన్నా, ఆ మైక్ పడుతోంది! కాస్త పక్కకి జరుగు! ఎవరా అమ్మాయి?"

"నా కూతురు" అన్నాడు ట్రైపాడ్. కాళ్లు ఇంకాస్త ఎడంగా పెట్టి, అక్కడే నిలబడ్డాడు.