ఇరవై ఆరు మొలకల డబ్బాలు

ఆవిడ చేసేది దర్జీపని. పెళ్లయిన పదహారేళ్లకి, కూతురు హైస్కూలుకి వచ్చాక, ఆగిపోయిన చదువు మళ్లీ మొదలుపెట్టి కాలేజీలో చేరింది. ఆ ఏడాది పొద్దున వ్యాపార పరిచయం, మధ్యాహ్నం బయాలజీ. క్లాసులో అందరూ కూతురికన్నా మూడేళ్లు పెద్ద పిల్లలు, అంతే. మొదట్లో "ఆంటీ" అన్నారు. ఆవిడ మొహం ముడుచుకునేసరికి "పిన్ని" అన్నారు. అదే ఖాయమైపోయింది.

వ్యాపారం చెప్పే మేడంకి ఏడో నెల. సెలవు పెట్టేలోపు పిల్లల చేత నిజమైన అమ్మకం ఒకటి చేయించాలని ఆమె పట్టుదల. ఇద్దరిద్దరు జట్టుకట్టి, ఏదైనా తయారుచేసి, బుధవారం వరండాలో అమ్మాలి. ఇరవై మార్కులు. పిన్నికి జట్టుగా బుల్లెట్టు దొరికింది. ఆ పిల్ల నోరు తెరిస్తే మధ్యలో ఊపిరి తీసుకోదు, అందుకా పేరు.

పెసలు నానబెట్టి, మొలకలు కట్టి, చిన్న డబ్బాల్లో అమ్ముదామన్నది పిన్ని ఆలోచనే. మూడు రోజులు కుట్టుమిషన్ పక్కన తడిగుడ్డ మూటలే. బుధవారం పదింటికి బల్ల వేస్తే పదకొండున్నరకల్లా ఇరవై ఆరు డబ్బాలూ అయిపోయాయి. మేడం కూడా ఒకటి కొంది. "ఈ నెలల్లో ఇలాంటివే తినాలిట" అంటూ నవ్వుకుంటూ వెళ్లింది. పిన్ని కాళ్లు నేల మీద ఆనలేదు.

ఆ సంబరం రెండున్నర గంటలు కూడా నిలవలేదు.

బయాలజీ మాస్టారు సోమవారంనాడు అందరినీ ఇంటినుంచి నీళ్లు తెమ్మన్నారు. గాజు పళ్లేల్లో తలో చుక్క వేయించి, క్రిములుంటే పెరిగి మచ్చల్లా కనపడతాయని వెచ్చటి పెట్టెలో పెట్టించారు. ఆ పెట్టె ఇవాళ తెరిచారు. పక్కవాళ్ల పళ్లేల్లో నాలుగైదు మచ్చలున్నాయి. పిన్ని పళ్లెం నిండా ఆవగింజలంత మచ్చలు, తెల్లవీ పసుప్పచ్చవీ, సందులేకుండా.

"ఎక్కడి నీళ్లమ్మా ఇవి?"

"మా ఇంటి కుళాయివండి. మేడ మీద ట్యాంకులోంచి వస్తాయి."

"తాగుతున్నారా?"

"లేదండి, తాగేవి వేరే. ఇవి గిన్నెలకీ, బట్టలకీ..." ఆవిడ పళ్లెంకేసి మళ్లీ చూసింది. "మొలకలు కడిగింది కూడా వీటితోనేనండి."

మాస్టారు కళ్లజోడు తీశారు. "ఇవి చెడ్డవని ఈ పళ్లెం చూసి చెప్పలేను. ఇంకో పరీక్ష పెడతాను, శుక్రవారం తేలుతుంది. కానీ మొలకలంటే తడీ వెచ్చదనం. నీళ్లలో నాలుగు క్రిములుంటే అక్కడ లక్షలవుతాయి. ఎవరినీ తిననివ్వకండి. గర్భిణులైతే అసలొద్దు."

బయటికి రాగానే బుల్లెట్టు చెయ్యి పట్టుకుంది. "పిన్నీ తొందరపడకు మాస్టారే చెప్పలేనన్నాడు కదా ఇప్పుడు వెళ్లి అడిగితే అందరూ భయపడతారు డబ్బాలన్నీ వెనక్కొస్తే మన అమ్మకం సున్నా నా స్కాలర్‌షిప్ ఈ మార్కుల మీదే ఉంది శుక్రవారం దాకా ఆగుదాం."

"శుక్రవారానికి కడుపులో ఉంటాయే అవి! నువ్వు రా, రాకపో. నేను పోతున్నా."

గదిగదికీ తిరిగింది. లైబ్రరీలో, సైకిల్ స్టాండులో, క్యాంటీన్ క్యూలో కనిపించినవాళ్లందరినీ ఆపింది. పదిహేడు డబ్బాలు వెనక్కొచ్చాయి. ఎనిమిదిమంది అప్పటికే తినేశారు. వాళ్ల పేర్లు నోటుబుక్కు వెనక రాసుకుంది. మిగిలింది మేడం. ఆమె ఇంటికెళ్లిపోయింది. ఫోను మోగుతోందేగాని ఎత్తడం లేదు.

ఆఫీసులో అడ్రసు కనుక్కుని బస్సెక్కేసరికి, వెనకే బుల్లెట్టు కూడా ఎక్కింది. దారంతా ఆ పిల్ల ఒక్క ముక్క మాట్లాడలేదు. పిన్నికి అది చూసి ఇంకా భయం వేసింది. తన కూతురు కడుపులో ఉన్నప్పుడు తను తిన్న ప్రతి ముద్దా గుర్తొచ్చింది.

తలుపు తీసిన మేడం జుట్టు తడిగా ఉంది. స్నానం చేస్తూ ఫోను వినలేదట. పిన్ని గబగబా సంగతంతా చెప్పింది.

"అయ్యో, ఆ డబ్బానా? వాసన చూస్తేనే వికారం వచ్చిందమ్మా. కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్‌కి ఇచ్చేశా."

పిన్ని గుమ్మంలోనే చతికిలబడింది. మరుక్షణం మళ్లీ లేచింది. వాచ్‌మన్‌కి అరవై దాటాయి.

తిరిగెళ్లేసరికి ఆయన ఖాళీ డబ్బా కడిగి, కుర్చీ పక్కన బోర్లించి పెట్టాడు. "బాగున్నాయమ్మా. కాస్త ఉప్పు పడాల్సింది" అన్నాడు. పిన్ని జరిగింది దాచకుండా చెప్పి, ఏ కొంచెం తేడా చేసినా కబురు పంపమని తన నంబరు రాసిచ్చింది.

గురువారమంతా తొమ్మిదిమంది వెంట పడింది. "కడుపెలా ఉంది?" అని పొద్దున అడిగి, మధ్యాహ్నం అడిగి, సాయంత్రం మళ్లీ అడిగేసరికి, ఒకబ్బాయి ఆవిణ్ణి చూడగానే మెట్లవైపు పారిపోయాడు. అందరూ బాగానే ఉన్నారు.

శుక్రవారం తెల్లారుతుండగా ఫోను మోగింది. వాచ్‌మన్ భార్య. "మీకే చెప్పమన్నాడమ్మా. రాత్రి రెండు గంటల్నుంచీ విరేచనాలు. లేచి నిలబడలేకపోతున్నాడు."

పిన్ని భర్త ఆటో తెచ్చాడు. క్లినిక్‌లో డాక్టరమ్మ సెలైన్ పెట్టింది. "ఏం తిన్నాడు?" అనడిగితే, ఆయన భార్య తల దించుకుని ఉండగానే పిన్ని ముందుకొచ్చింది. "నేను అమ్మిన మొలకలండి. ట్యాంకు నీళ్లతో కడిగాను. బుధవారం మధ్యాహ్నం తిన్నారు." డాక్టరమ్మ రాసుకుంది. అంత వివరంగా చెప్పినందుకు మందు ఎంచుకోవడం తేలికైందంది. పిన్ని చెవికి అదేమీ ఎక్కలేదు. మంచంమీది మనిషి పెదాలు ఎండిపోయి ఉన్నాయి, ఆవిడ వాటినే చూస్తూ కూర్చుంది.

మధ్యాహ్నం మాస్టారి దగ్గర్నుంచి కబురొచ్చింది. చెడ్డ క్రిములే. భర్త మేడెక్కి చూస్తే ట్యాంకు మూత పగిలి ఉంది, లోపల పావురాల రెట్టలు తేలుతున్నాయి. ఆ మేడలో అద్దెకున్నవాళ్లందరూ కలిసి ఆ సాయంత్రమే కడిగారు. శనివారం మొలకలు తిన్నవాళ్లలో ఇంకో ఇద్దరు పిల్లలకి కడుపునొప్పి వచ్చి, ఒక్కరోజులో తగ్గింది. వాచ్‌మన్ ఆదివారం ఇంటికెళ్లి గంజి తాగాడు.

సోమవారం పిన్ని క్లాసు ముందు నిలబడి మొత్తం చెప్పింది. వాచ్‌మన్ సంగతి దగ్గరికి వచ్చేసరికి బుల్లెట్టు లేచి మిగతాది తను చెప్పింది, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా. మేడం ఇరవైకి పదకొండు వేసింది. "తయారీలో తప్పు తప్పే. సరుకు వెనక్కి తీసుకున్న పద్ధతికి ఈ పదకొండు" అంది. బుల్లెట్టు మొహం వేలాడేసింది.

మరుసటి వారం గేటు దగ్గర కుర్చీలో వాచ్‌మన్ మళ్లీ కనిపించాడు. కాస్త చిక్కాడు. ఆవిడ నోరు తెరవకముందే చెయ్యి ఊపాడు.

"బాగుందమ్మా, బాగుంది. ముందు నువ్వు క్లాసుకి పో."