ద్రాక్షతోట జీపు

1996 జనవరి నాటికి శామీర్‌పేట దగ్గరి ఆ హైస్కూల్లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలు ఇద్దరే మిగిలారు. దసరాకి తొమ్మిది మంది ఉండేవారు. ద్రాక్ష గుత్తుల్లో కాయలు కత్తెరతో కత్తిరించి పలచన చేయడానికి సన్నని వేళ్లు కావాలని తోట మేస్త్రీలు బడి పిల్లలనే అడిగేవారు.

మిగిలిన క్రిస్టీనా, మంజుల ఒకే వాడ నుంచి కలిసి నడిచేవారు. "జతుంటేనే పో. ఒక్కదానివైతే బడి బంద్," అని క్రిస్టీనా అవ్వ ముందే చెప్పింది.

సోమవారం మంజుల ఇంటికి తాళం వేసి ఉంది. క్రిస్టీనా ఆ సంగతి అవ్వకు చెప్పకుండా బడిదారి పట్టింది. తోట జీపు వెనక నుంచి వచ్చి ఆమె పక్కన నెమ్మదించింది.

"ఏం బిడ్డా, జత లేదా?" అన్నాడు మేస్త్రీ సాయిలు.

"మంజుల ముందు పోయింది."

"ముందు పోయినామె నా ఎన్క కూసున్నది గదా."

జీపులో ఆడవాళ్లు నవ్వారు. మంజుల తల వంచుకుంది.

"మీ అవ్వతోని నేను మాట్లాడుత తియ్యి. నువ్వు బడికి పో," అన్నాడు సాయిలు.

సాయంత్రం క్రిస్టీనా వచ్చేసరికి జీపు వాకిట్లో ఉంది. అవ్వ సాయిలుకు చాయ్ పోస్తోంది. అరుగు మీద కొత్త కత్తెర ఉంది.