యాభై ఎనిమిది

వేలి కొసన ఉబ్బిన రక్తపు బొట్టును స్ట్రిప్ అంచుకి తాకించి, ఆయన కళ్ళు మూసుకున్నాడు. షుగర్ చూసే మిషను ఐదు సెకన్లు తీసుకుంటుంది. ఆ ఐదు సెకన్లూ ఊపిరి బిగబట్టడం పదకొండేళ్ళుగా అలవాటు. వంటింట్లో భార్య గిన్నెలు సర్దుతున్న చప్పుడు వింటూ ముందు ఒక కన్ను తెరిచాడు. నూట ముప్ఫై ఆరు.

గుండె జారిపోయింది. నిన్న నూట ఇరవై రెండే ఉంది. రాత్రి ఏం తిన్నానా అని ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాడు. భార్య పోరు పడలేక తిన్న సగం పండు ముక్క. అదే అయి ఉంటుంది.

"ఎంతొచ్చింది?" లోపలి నుంచి ఆవిడ అడిగింది.

"బానే ఉంది."

"బాగుంటే మొహం అలా పెట్టారేం?"

"నా మొహమే అంత. ముప్ఫై ఆరేళ్ళుగా చూస్తున్నావుగా."

ఆవిడ నవ్వింది. ఆయన నవ్వలేదు. ఆవిడ ఇటు తిరగకముందే సగం బిళ్ళకి బదులు మొత్తం బిళ్ళ నోట్లో వేసుకుని నీళ్ళు తాగేశాడు.

ఆయన పని అద్దాలు కోయడం. కిటికీలకీ, బీరువాలకీ, ఫోటోలకీ. ఇరవై అయిదో ఏట చేరిన షాపులోనే అరవై మూడో ఏడు నడుస్తోంది. వీధిలో అందరికీ అద్దాలాయనే, పేరుతో ఎవరికీ పని పడలేదు. ఎడమ అరచేతిలో పాత కోతల గుర్తులు తెల్లటి దారాల్లా ఉంటాయి. వేళ్ళ కొసలు మాత్రం సూది పోట్లతో నల్లగా, గరుకుగా తయారయ్యాయి. మనిషి బాగా చిక్కాడు. బెల్టుకి మేకుతో తనే మూడు కొత్త చిల్లులు పొడుచుకున్నాడు. చూసినవాళ్ళు "ఏంటి ఇలా అయిపోయారు?" అంటే లోపల్లోపల సంతోషించేవాడు.

ఆయనకి ఒక అన్న ఉండేవాడు. బొద్దుగా, ఎప్పుడూ ఎవరినో నవ్విస్తూ ఉండేవాడు. షుగర్ ఉందని తెలిసినా లెక్కచేయలేదు. చెప్పు కరిచి కాలి మీద చిన్న పుండు పడింది. ముందు బొటనవేలు తీశారు. తర్వాత పాదం. ఆ తర్వాత మోకాలి దాకా. ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చుని తమ్ముడు అదంతా చూశాడు. దుప్పటి ఒకవైపు ఎత్తుగా, రెండోవైపు చదునుగా ఉండేది. ఒకరోజు పొద్దున డాక్టరు వచ్చి "ఇంక భయం లేదు" అని చెప్పి వెళ్ళాడు. అదే రోజు సాయంత్రం అన్న పోయాడు.

అందుకే మూడు నెలల క్రితం, తనకి వైద్యం చేసే డాక్టరమ్మ కాగితాలు చూసి చెప్పిన మాట ఆయన చెవికెక్కలేదు. "కిడ్నీలు కొంచెం నీరసపడ్డాయి. మందు ఇదివరకులా బయటికి పోదు, ఒంట్లోనే ఉండిపోతుంది. సాయంత్రం బిళ్ళ మానేయండి. పొద్దున సగమే వేసుకోండి. మీ వయసులో నూట యాభై ఉన్నా భయం లేదు. డెబ్బై కంటే తగ్గిపోతేనే నాకు భయం."

పక్కన కూర్చున్న భార్య హమ్మయ్య అనుకుంది. ఆయన నోట్లో మాత్రం తడి ఆరిపోయింది. భయం లేదు అనే మాట చేయి దాటిపోయినవాళ్ళతోనే అంటారని ఆయన నమ్మకం. మర్నాడే మందుల షాపులో పాత చీటీ చూపించి సాయంత్రం బిళ్ళలు తెచ్చుకున్నాడు. చొక్కా లోపలి జేబులో దాచాడు. భార్య దగ్గర ఆయన ఒక సంగతి దాచడం, బహుశా జన్మలోనే, అదే మొదటిసారి.

ఆ రోజు షాపుకి చేరేసరికే వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. ఒక ఫోటో అద్దం, రెండు అల్మరా పలకలు కోశాడు. అలవాటైన పని. కంబళి పరిచిన బల్ల మీద పలక పెట్టి, స్కేలు ఆనించి, కట్టర్ మొనను కిరసనాయిల్లో ముంచి ఒక్క గీత గీస్తే, ఆకు మీద పురుగు నడిచినట్టు సన్నటి చప్పుడు. తర్వాత రెండు చేతులతో ఒత్తితే చిటుక్కున విడిపోతుంది. పదకొండున్నరకల్లా చొక్కా వీపుకి అంటుకుపోయింది. గుండె దడదడలాడుతోంది. షుగర్ ఎగదన్నుతోందని ఆయనకి ఖాయమైపోయింది.

మధ్యాహ్నం ఫ్రేముల వెనక్కి వెళ్ళి మళ్ళీ వేలు గుచ్చుకున్నాడు. ఐదు సెకన్లు.

యాభై ఎనిమిది.

ప్రాణం లేచివచ్చింది. ఇంత తక్కువ ఎప్పుడూ రాలేదు. పరీక్ష పాసైన పిల్లవాడిలా ఆ అంకెను రెండుసార్లు చూసుకున్నాడు. అది ఎంత కిందికి దిగితే అన్న మంచానికి తాను అంత దూరం. దాన్ని ఇప్పుడు తిండితో పాడుచేసుకోవడం ఎందుకు? క్యారేజీ మూత తీయకుండానే తీసుకెళ్ళి, ఫ్రేములు బిగించే అతని ముందు పెట్టాడు.

"నువ్వు తిను. నాకు ఆకలి లేదు."

"ఈ వారంలో ఇది మూడోసారి అన్నా. వదినకి తెలిస్తే నన్ను కొడుతుంది."

"తెలిస్తే కదా."

నిజానికి ఆకలి దంచేస్తోంది. దానికి కూడా ఆయన భయపడ్డాడు. ఆకలి ఎక్కువవడం రోగ లక్షణమని ఎక్కడో విన్నాడు.

మూడింటికి పెద్ద పలక బల్ల మీదికి ఎక్కించారు. మనిషెత్తు అద్దం. స్కేలు ఆనించి కట్టర్ పట్టుకున్నాడు. స్కేలుకి రెండు అంచులు కనిపించాయి. రెప్పలార్పితే ఒకటైంది. మళ్ళీ రెండయ్యాయి. ఏది అసలుదో ఆయనకి తెలియలేదు. గీయడం మొదలుపెట్టాడు. సగం దూరం వెళ్ళాక గీత వంకర తిరిగి పక్కకి పోయింది. ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఎన్నడూ అలా జరగలేదు. అది చూస్తూ కూడా ఎందుకో చేతులతో ఒత్తేశాడు. పలక మూడు ముక్కలై కింద పడింది.

ఫ్రేములతను పరుగెత్తుకొచ్చి ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టాడు. "ఇలా తడిసిపోయావేంటన్నా? ఉండు, టీ తెస్తా."

తెచ్చాడు. ఆవిరితో పాటు తీపి వాసన. నాలుక కింద నీళ్ళూరాయి. ఒక్క గుక్క తాగితే ఈ వణుకు తగ్గుతుందని ఒళ్ళంతా చెబుతోంది. ఆయన గ్లాసును తోసేశాడు.

"నువ్వు నన్ను చంపడానికే తెచ్చావు."

ఆ మాట ఆ నోట వస్తుందని ఎవరూ అనుకోలేదు. ఎదుటివాడి మొహం పాలిపోయింది. యజమాని లేచి వచ్చి, పగిలిన అద్దం వైపు చూడకుండా ఆయన భుజం మీద చేయి వేశాడు. "ఇంటికెళ్ళి పడుకోండి. రేపు చూసుకుందాం. తోడెవరినైనా పంపనా?" వద్దన్నాడు.

ఇల్లు నాలుగు వీధుల అవతల. రెండో మలుపు దగ్గర ఆగిపోయాడు. ఎటు వెళ్ళాలో గుర్తు రాలేదు. అవే గోడలు, అదే కుళాయి, అదే మెట్ల వరస. తన చేత్తో అద్దం బిగించిన కిటికీ కూడా ఎదురుగానే ఉంది. ఏదీ తనది కాదు. కాళ్ళ కింద నేల మెత్తగా ఉంది. అప్పుడు కలిగిన భయం అన్న గదిలో కూడా కలగలేదు. తన కాళ్ళు రెండూ ఉన్నాయో లేవోనని వంగి చూసుకున్నాడు. ఉన్నాయి. గోడ పట్టుకుని, ఎలాగో, అలవాటు లాక్కెళ్తే ఇల్లు చేరాడు.

"ఇంత తొందరగా వచ్చారేం?"

"తలనొప్పి. కాసేపు పడుకుంటా. లేపకు."

గదిలోకి వెళ్ళి జేబులోని బిళ్ళ తీశాడు. అంత గందరగోళంలోనూ అది మాత్రం మరిచిపోలేదు. నీళ్ళు లేకుండానే మింగి మంచం మీద వాలాడు. ఖాళీ రేకు వేళ్ళ మధ్యే ఉండిపోయింది.

ఐదు దాటాక భార్య దుప్పటి కప్పడానికి వచ్చింది. దిండు తడిసి ఉంది. చేతిలోని రేకు చూసింది. డాక్టరమ్మ మానేయమన్న బిళ్ళ. ఆవిడకి ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. చెమటలు పట్టి తూలితే ముందు పంచదార నీళ్ళు పట్టించమని ఆ డాక్టరమ్మే చెప్పింది. కిటికీలోంచి పక్కింటావిణ్ణి కేకేసి అంబులెన్సుకి ఫోను చేయమంది. వంటింట్లోకి పరుగెత్తింది.

గ్లాసులో చెంచా తిరుగుతున్న చప్పుడు ఆయనకి వినిపించింది. చాలా దూరం నుంచి, హాయిగా ఉంది. తల కింద ఒక చేయి దూరింది. పెదవులకి చల్లటి తీపి తగిలింది.

"ఏవండీ, మింగండి. నా మాట వినండి, ఒక్క గుక్క."

ఆయన పళ్ళు బిగించాడు. ఎవరు అడుగుతున్నారో తెలియలేదు. వద్దనాలని మాత్రం తెలుసు. ఒంట్లో మిగిలిన బలమంతా దవడలోకి తెచ్చుకున్నాడు. ఆవిడ పంచదార వేలితో తీసి చిగుళ్ళకి రాసింది. బతిమాలింది. తిట్టింది. నీళ్ళు గడ్డం మీదుగా మెడలోకి కారాయి. కాసేపటికి ఆ దవడ దానంతటదే వదులైంది. ఆవిడ ఆశగా మళ్ళీ చెంచా పెట్టింది. మింగలేదు.

అంబులెన్సులో వచ్చినవాళ్ళు మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఛాతీ మీద ఒత్తారు, చేతికి సూది గుచ్చారు. చాలాసేపు ప్రయత్నించారు. వాళ్ళలో ఒకతను వేలి నుంచి బొట్టు తీసి మిషనులో చూశాడు. ఆవిడ ఎంతని అడగలేదు. అతనూ చెప్పలేదు.

మనుషులు వచ్చి, మంచం జరిపి, ఆయన్ని పాడె మీద తీసుకెళ్ళారు. కిటికీ గట్టు మీద గ్లాసు అలాగే ఉంది. కంగారులో పోసిన పంచదార సగం కరగక, చెంచా చుట్టూ అడుగున తెల్లగా పేరుకుంది.